సగటు వానతో సాలు తడవదు

ఏటా సెప్టెంబర్ 30తో నైరుతి రుతుపవనాల లెక్క ముగుస్తుంది. ఆ మర్నాడు పత్రికల్లో ఒక సంఖ్య వస్తుంది. రాష్ట్రంలో ఇన్ని మిల్లీమీటర్లు కురవాల్సి ఉండగా ఇన్ని కురిసింది, కాబట్టి వర్షపాతం సాధారణం, లేదా అధికం, లేదా లోటు. ఆ తర్వాత చాలా నిర్ణయాలు ఆ ఒక్క సంఖ్య చుట్టే తిరుగుతాయి. కరువు మండలాల జాబితా, పెట్టుబడి రాయితీ, పంట రుణాల రీషెడ్యూలు, బీమా పరిహారం... వీటన్నిటి దగ్గరా ముందు అడిగేది వర్షపాతం ఎంత అనే. "సాధారణం" అని తేలిన మండలంలో రైతు ఎండిన చేనును చూపించి ఎంత మొత్తుకున్నా, అధికారి కాగితమే చూస్తాడు.

ఈ నెల ఆ కాగితం గురించే మాట్లాడుకుందాం. వాన లెక్కలు కట్టే శాస్త్రంతో మనకు పేచీ లేదు. ఆ శాస్త్రం వానను ఎన్నో రకాలుగా కొలవడం నేర్పింది. ఎంత కురిసింది అన్నదే కాదు, ఎప్పుడు కురిసింది, ఎన్ని రోజులు ఆగింది, ఎన్నేళ్లకొకసారి అలా జరుగుతుంది అన్నవి కూడా చెబుతుంది. పాలకులు అందులో సగటు అనే ఒక్క ముక్కను తీసుకుని మిగతాదంతా అటక మీద పెట్టారు. మన పేచీ దాని మీద. రైతు సంఘానికి గణాంక శాస్త్రంతో ఏం పని అని ఎవరైనా అనుకోవచ్చు. మన నోటి దగ్గర కూడు ఆ లెక్కతో ముడిపడి ఉన్నప్పుడు, ఆ లెక్క ఎలా కడతారో తెలుసుకోవడం సంఘం పనే.

2023 నేర్పిన పాఠం

2023 వానాకాలాన్ని గుర్తు చేసుకుందాం. జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఒక రోజులో 204.5 మి.మీ. దాటితే వాతావరణ శాఖ దాన్ని అత్యంత భారీ వర్షం అంటుంది. ఇది దానికి మూడు రెట్లు. తెలంగాణకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలల సాధారణ వర్షపాతం సుమారు 740 మి.మీ. అంటే నాలుగు నెలల వానలో ఎనిమిది వంతులకు ఏడు వంతులు ఒక్క రోజులో ఒక్క ఊరి మీద పడ్డాయి. మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగింది. చెరువులు తెగాయి, వేసిన చేలల్లో ఇసుక మేటలు పడ్డాయి.

ఆ వెంటనే ఆగస్టు వచ్చింది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశం అంత పొడి ఆగస్టును చూడలేదు. దేశవ్యాప్తంగా ఆ నెలలో 36 శాతం లోటు. తెలంగాణలోనూ ఆశ్లేష, మఖ కార్తెల్లో వాన ముఖం చాటేసింది. పత్తి పూత మీద, మొక్కజొన్న కంకి మీద ఉన్న రోజులవి. చెలక నేలల్లో చేలు వాడిపోయాయి. బోరు ఉన్నవాడు మోటారు కాడ పడిగాపులు కాశాడు, లేనివాడు ఆకాశం వైపు చూశాడు.

మరి సెప్టెంబర్ 30న తేలిన లెక్క ఏమిటి? దేశానికి జూన్‌లో 91 శాతం, జూలైలో 113, ఆగస్టులో 64, సెప్టెంబర్‌లో 113. నాలుగూ కలిపితే 94 శాతం. లోటు ఆరు శాతమే అన్నారు. తెలంగాణ మొత్తానికైతే సీజన్ వర్షపాతం సాధారణానికి తగ్గనే లేదు. జూలై వరద ఆగస్టు ఎండను కాగితం మీద పూడ్చేసింది. చేలో మాత్రం ఏదీ దేన్నీ పూడ్చలేదు. వరద ఒక దెబ్బ తీసింది, బెట్ట ఇంకో దెబ్బ తీసింది.

ఇది ఒక్క ఏడాది ముచ్చట కాదు. 2009లో దేశానికి 22 శాతం లోటు వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో కరువు మండలాలు ప్రకటించారు. అదే ఏడాది అక్టోబర్ 2న కృష్ణా, తుంగభద్రలకు కనీవినీ ఎరుగని వరద వచ్చి కర్నూలు నగరం మునిగింది. కరువుకు ఎండిన రైతే కొన్ని రోజుల తేడాతో వరదకు మునిగాడు. ఈ రెండూ కలిపి సగటు తీస్తే వచ్చే సంఖ్య ఎవరి బతుకు గురించి చెబుతుంది?

"సాధారణం" అంటే ఎంత?

వాతావరణ శాఖ వాడే "సాధారణం" అనే మాటకు కచ్చితమైన కొలత ఉంది. జిల్లాకు, రాష్ట్రానికి అయితే దీర్ఘకాల సగటుకు 19 శాతం తక్కువ నుంచి 19 శాతం ఎక్కువ వరకు కురిస్తే సాధారణం. 20 నుంచి 59 శాతం తక్కువైతే లోటు. 60 శాతం, అంతకు మించి తక్కువైతే తీవ్ర లోటు. తెలంగాణ 740 మి.మీ. సగటుకు ఈ కొలత పెడితే 600 మి.మీ. కురిసినా సాధారణమే, 880 మి.మీ. కురిసినా సాధారణమే. ఈ రెంటి మధ్య 280 మి.మీ. తేడా ఉంది. ఒక మిల్లీమీటరు వాన ఎకరం నేల మీద పడితే సుమారు నాలుగు వేల లీటర్ల నీళ్లు. 280 మి.మీ. అంటే ఎకరానికి పదకొండు లక్షల లీటర్ల పైమాటే. ఈ తేడా ఉన్న రెండు సంవత్సరాలను ఒకే మాటతో పిలుస్తున్నారు.

దేశం మొత్తానికి కొలత వేరు. అక్కడ 96 నుంచి 104 శాతం వరకే సాధారణం, 90 శాతానికి తగ్గితే లోటు. దేశం చాలా పెద్దది కాబట్టి ఒకచోట తగ్గింది ఇంకోచోట పెరిగి సర్దుకుంటుంది. అందుకే దేశ వర్షపాతం ఏటికేడు సగటుకు పది శాతం అటూ ఇటూగా ఊగుతుంది. రాష్ట్రానికి, జిల్లాకు, మండలానికి దిగేకొద్దీ ఆ ఊగిసలాట పెరుగుతుంది. ఏడాది నుంచి నెలకు, నెల నుంచి వారానికి దిగితే ఇంకా పెరుగుతుంది. రైతు సేద్యం చేసేది దేశంలో కాదు, తన సర్వే నంబరులో. ఊగిసలాట ఎక్కడ అన్నిటికంటే ఎక్కువో అక్కడే అతని పెట్టుబడి అంతా ఉంది.

ఆ సగటు కూడా స్థిరంగా ఉండదు. దేశానికి 1951–2000 మధ్య లెక్కతో సగటు 89 సెంటీమీటర్లు. 1961–2010 లెక్కతో 88. 2022 నుంచి వాడుతున్న 1971–2020 లెక్కతో 87. పదేళ్లకొకసారి కొలత సవరించడం ప్రపంచమంతా చేసే పనే, తప్పు పట్టడానికి లేదు. అయితే కొలబద్ద కిందికి దిగితే లోటు కూడా చిన్నగా కనిపిస్తుంది. పాత కరువును, కొత్త కరువును పోల్చేటప్పుడు ఏ కొలబద్ద వాడారో అడగాలి.

సగటుకు, నడిమి ఏడాదికి తేడా

లెక్క కోసం రెండు ఊళ్లు ఊహించుకుందాం. మొదటి ఊళ్లో ఐదేళ్ల జూలై వాన 170, 190, 200, 210, 230 మి.మీ. రెండో ఊళ్లో 60, 110, 150, 180, 500 మి.మీ. రెండు చోట్లా మొత్తం వెయ్యి, సగటు 200. కాగితం మీద రెండు ఊళ్లూ ఒకటే.

రెండో ఊరిని మళ్లీ చూడండి. ఐదేళ్లలో నాలుగేళ్లు సగటు కంటే తక్కువే కురిసింది. ఒకే ఒక్క వరద ఏడాది సగటును పైకి లాగింది. సంఖ్యలను చిన్న నుంచి పెద్దకు వరుసగా పెట్టి సరిగ్గా నడిమి సంఖ్య తీసుకుంటే మొదటి ఊళ్లో 200 వస్తుంది, రెండో ఊళ్లో 150. దీన్ని గణాంకాల్లో మధ్యగతం అంటారు. రెండో ఊరి రైతు జూలైలో ఎంత ఆశించవచ్చో ఈ నడిమి సంఖ్య చెప్పినంత నిజాయితీగా సగటు చెప్పదు. మన మెట్ట ప్రాంతాలు చాలావరకు ఆ రెండో ఊరి లాంటివే. కొద్ది భారీ వానలు సగటును మోస్తుంటాయి, ఎక్కువ సంవత్సరాలు దాని కింద ఉంటాయి. సగటు మీద ఆశ పెట్టుకున్న రైతు నిరాశ పడటం తరచుగా జరిగేది అందుకే.

వాన తీరు మారుతున్న కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. బి.ఎన్. గోస్వామి, ఆయన సహచరులు 1951 నుంచి 2000 వరకు మధ్య భారతంలో రోజువారీ వానలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు తీసుకున్న పరిధిలోకి తెలంగాణలో ఎక్కువ భాగం వస్తుంది. ఆ యాభై ఏళ్లలో సీజన్ సగటులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కానీ కుండపోతలు పెరిగాయి, మోస్తరు వానలు తగ్గాయి. చేనుకు పనికొచ్చేది మోస్తరు వాన. సగటు ఒక్కదాన్నే చూసిన వాళ్లకు యాభై ఏళ్లుగా ఏమీ జరగనట్టే కనిపిస్తుంది.

ఒకే వానకు మూడు రకాల లెక్క

ప్రభుత్వాలకు ఇదంతా తెలియక సగటు పట్టుకుని వేలాడుతున్నాయని అనుకోవద్దు. వాళ్లకు బాగా తెలుసు. అవసరమైన చోట సగటును పక్కన పెట్టి వేరే లెక్క వాడతారు. మూడు ఉదాహరణలు చూడండి.

మనం ఈ సంచిక వెలువరిస్తున్న హిమాయత్‌నగర్‌కు, ఊరి బయట ఉన్న హిమాయత్‌సాగర్‌కు నిజాం పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరే పెట్టారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాదును ముంచి వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ జలాశయాల ఆలోచన వచ్చింది మూసీకి సగటున ఎంత నీరు వస్తుందన్న ప్రశ్న నుంచి కాదు. అతి పెద్ద వాన పడితే ఎంత నీటిని ఆపాలి అన్న ప్రశ్న నుంచి. అంటే నగరానికి అతివృష్టి లెక్క.

రెండోది కృష్ణా నది. నీళ్లు పంచేటప్పుడు బచావత్ ట్రిబ్యునల్ 1894–95 నుంచి 78 ఏళ్ల ప్రవాహాలను వరుసగా పెట్టి, నాలుగేళ్లలో మూడేళ్లు కచ్చితంగా వచ్చే నీరు ఎంత అని చూసింది. దాన్నే 75 శాతం విశ్వసనీయత అంటారు. అలా తేలింది 2060 టీఎంసీలు. బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో వేరే 47 ఏళ్ల లెక్క తీసి, 65 శాతం విశ్వసనీయతతో 2293 టీఎంసీలు, సగటుతో 2578 టీఎంసీలు అని చెప్పింది. ఒకే నది. లెక్క పద్ధతి మారితే వందల టీఎంసీలు మారిపోయాయి. ఆ తేడా మీద రాష్ట్రాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. గణాంక పద్ధతి అంటే పుస్తకాల్లో ఉండే విషయం అనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తు పెట్టుకుంటే చాలు.

మూడోది మెట్ట రైతు. అతని చేనుకు ఏ లెక్క? సగటు. నగరాన్ని కాపాడటానికి అతివృష్టి లెక్క, నది నీళ్లు పంచడానికి భరోసా లెక్క, వానే ఆధారమైన చేనుకు మాత్రం సగటు లెక్క. నాలుగేళ్లలో మూడేళ్లు ఎంత వస్తుందో చూడకుండా కాలువ తవ్వని ప్రభుత్వం, అదే ప్రశ్న రైతు పొలం దగ్గర ఎందుకు అడగదు?

కార్తెలు, వారాలు

వానను వారాలుగా, పక్షాలుగా చూడటం మనకు కొత్త కాదు. కార్తె అంటే పదమూడు, పద్నాలుగు రోజులు. మృగశిరకు దుక్కి, ఆరుద్రకు విత్తనం, మఖ పుబ్బల మీద పంట భారం. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు. ఉత్తర కార్తెలో కూడా వాన లేకపోతే గంప ఎత్తుకుని వలస పోవడమే. సీజన్ మొత్తం కలిపి ఎంత కురిసిందో మన పెద్దలు లెక్క పెట్టలేదు. ఏ కార్తెలో కురిసిందో లెక్క పెట్టారు.

శాస్త్రవేత్తలు ఏడాదిని 52 వారాలుగా విడదీసి చేసేది అదే పని. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1972లో మొదలైంది. ఆ దశకంలోనే అక్కడి విర్మాని, శివకుమార్, రెడ్డి మెట్ట ప్రాంతాల వారపు వానల మీద లెక్కలు కట్టారు. ఒక వారంలో పది మిల్లీమీటర్ల వాన పడే అవకాశం ఎంత? ఈ వారం తడిస్తే వచ్చే వారం కూడా తడిసే అవకాశం ఎంత? ఈ వారం ఎండితే వచ్చే వారం ఎండే అవకాశం ఎంత? "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి" అన్న సామెత వేసిన ప్రశ్న కూడా ఇదే. సామెత అవునని చెప్పి ఊరుకుంది. గణాంకం నూటికి ఎన్నిసార్లు అని లెక్క పెట్టి చెబుతుంది. సామెతను కొట్టిపారేయనక్కర్లేదు, మన మండలం రికార్డుతో పరీక్షించి చూసుకోవచ్చు.

ఆ పనిలో తేలిన ఒక సంగతి ఇప్పటికీ పాఠంగా చెబుతారు. హైదరాబాదుకు, మహారాష్ట్రలోని సోలాపూర్‌కు ఏడాది సగటు వాన దగ్గర దగ్గర ఒకటే. సగటు చూస్తే రెండు చోట్లా ఒకే సేద్యం చేయవచ్చు. వారాలు చూస్తే కథ వేరు. హైదరాబాదు చుట్టుపక్కల వానాకాలం వారాల మీద భరోసా ఎక్కువ, సోలాపూర్‌లో సీజన్ తొలి సగంలో నిలకడ తక్కువ. అందుకే ఇక్కడి నల్లరేగడిలో పునాస పంటకు ధైర్యం చేయవచ్చు. అక్కడి రైతులు వానాకాలంలో రేగడి బీడు పెట్టి, నేలలో నిలిచిన పదునుతో యాసంగి జొన్న వేసుకుంటూ వచ్చారు. శాస్త్రం తేల్చింది వాళ్లకు తరాలుగా తెలిసిందే. కానీ సగటు కాగితం పట్టుకుని వచ్చిన అధికారికి అది తెలియదు.

విత్తే వేళకు ఈ లెక్క నేరుగా డబ్బుతో సమానం. నల్లరేగడిలో 60 నుంచి 75 మి.మీ. వాన పడి, నేల జానెడు లోతు తడిశాకే పత్తి విత్తాలని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతుంది. తొలి జల్లుకు తొందరపడి విత్తితే, ఆ తర్వాత రెండు వారాలు బెట్ట వస్తే, మొలక మాడిపోతుంది. మళ్లీ విత్తనాల ప్యాకెట్లు, మళ్లీ కూలి, మళ్లీ అప్పు. తొలి వాన తర్వాత పది రోజుల బెట్ట మన మండలంలో పదేళ్లలో ఎన్నేళ్లు వచ్చిందో తెలిస్తే, ఆగాలా విత్తాలా అన్న నిర్ణయం రైతు తెలిసి తీసుకుంటాడు. ఆ లెక్క కట్టడానికి కావాల్సిన రోజువారీ రికార్డు ప్రభుత్వం దగ్గర ఉంది. రైతు చేతికి రాలేదు.

ముందస్తు అంచనా ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876–78 నాటి కరువు లక్షల ప్రాణాలు తీసింది. దాని తర్వాతే వానను ముందుగా చెప్పగలమా అన్న ప్రశ్న గట్టిగా మొదలైంది. 1886లో బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచును చూసి తొలి రుతుపవన అంచనా ఇచ్చాడు. 1904లో వాతావరణ శాఖ పగ్గాలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ గణిత శాస్త్రజ్ఞుడు. ప్రపంచంలో ఎక్కడెక్కడి గాలి ఒత్తిడికీ మన వానకూ ఉన్న సంబంధాన్ని గణాంకాలతో వెతికాడు. నేడు మనం ఎల్‌నినో అని వింటున్న కథలో సగం ఆయన వెతుకులాట నుంచి వచ్చిందే.

అయితే సంబంధం ఉండటం వేరు, ఖాయం కావడం వేరు. 1997లో ఆ శతాబ్దపు బలమైన ఎల్‌నినోల్లో ఒకటి వచ్చింది. దేశంలో వాన 102 శాతం కురిసింది. 2002లో ఎల్‌నినో మోస్తరుదే. జూలైలో వాన సగానికి సగం పడిపోయి, సీజన్‌కు 19 శాతం లోటు తేలింది. ఆ ఏడాది ముందస్తు అంచనా మాత్రం సాధారణం అని చెప్పింది. ఆ దెబ్బతో వాతావరణ శాఖ 1988 నుంచి వాడుతున్న పదహారు అంశాల నమూనాను 2003లో మార్చుకుంది.

ఏప్రిల్‌లో "ఈసారి ఇంత శాతం" అని వచ్చే వార్త దేశం మొత్తానికి, నాలుగు నెలలకు కలిపి చెప్పేది. దాని పక్కనే ఐదు శాతం అటూ ఇటూ కావచ్చన్న మాట కూడా ఉంటుంది, టీవీలో ఆ మాట వినిపించదు. ఆ వార్త మన మండలంలో ఆగస్టులో బెట్ట వస్తుందో రాదో చెప్పలేదు. దాన్ని నమ్మి ఎకరాలు పెంచుకోవద్దు, దాన్ని చూసి భయపడి బీడు పెట్టుకోవద్దు.

బీమా లెక్కలో ఎవరి వాటా ఎంత?

వాన లెక్క రైతు జేబును నేరుగా తాకేది బీమా దగ్గర. దేశంలో వాన కొలత ఆధారంగా బీమా మొదలైంది మన మహబూబ్‌నగర్‌లోనే. 2003లో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి సుమారు 230 మంది వేరుశెనగ, ఆముదం రైతులకు ఆ పాలసీలు అమ్మాయి. తర్వాతి ఏళ్లలో సీజన్‌ను విత్తు దశ, పూత దశ, కోత దశ అని మూడుగా విడగొట్టారు. రెండు మిల్లీమీటర్ల కంటే తక్కువ పడిన రోజును లెక్కలోకి తీసుకోలేదు. 60 మి.మీ. మించి పడితే మించినదాన్ని వదిలేశారు. జల్లు వేరును తడపదు, కుండపోత నేలలో నిలవదు అన్న రైతు అనుభవం ఆ నిబంధనల్లో ఉంది. ఒక ప్రైవేటు కంపెనీ పాలసీకి తెలిసిన ఈ మాట కరువు ప్రకటించే వాళ్లకు ఎందుకు తెలియదు?

ఆ పాలసీల రెండో ముఖం కూడా చూడాలి. గినే, టౌన్‌సెండ్, వికెరీ అనే ఆర్థికవేత్తలు ఆ పాలసీలను పాత వర్షపాత రికార్డులతో సరిచూసి 2007లో ఫలితాలు ప్రచురించారు. గతంలో కురిసిన వానలకు ఆ పాలసీలు వర్తించి ఉంటే, కట్టిన ప్రీమియంలో సగటున 30 శాతం మాత్రమే పరిహారంగా తిరిగి వచ్చేది. నూటికి పదకొండు దశల్లోనే పరిహారం వచ్చేది. అరుదైన ఘోర కరువులో మాత్రం ప్రీమియానికి ఎన్నో రెట్లు వచ్చేది. అది పెద్ద కరువుకు గొడుగు, మామూలు బెట్టకు కాదు. కొనే ముందు ఈ మాట రైతుకు ఎవరు చెబుతారు? పాత రికార్డు కంపెనీ దగ్గర ఉంది, లెక్క కట్టేవాళ్లు కంపెనీ దగ్గర ఉన్నారు. రైతు దగ్గర సంతకం మాత్రమే ఉంది.

ఇంకో చిక్కు ఉంది. వాన కొలిచేది వాతావరణ కేంద్రం దగ్గర, పంట ఎండేది చేలో. కేంద్రం మీద వాన పడి, ఐదు మైళ్ల అవతల పడకపోతే పరిహారం లేదు. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. చాలా రాష్ట్రాల కంటే ఇది మెరుగే. కానీ గ్రామ పంచాయతీలు పన్నెండు వేలకు పైగా ఉన్నాయి. సుమారు పన్నెండు పంచాయతీలకు ఒక కేంద్రం. ఆగస్టు వాన ఒక చెరువు కట్ట దాటి అవతలికి రాని రోజులు మనందరికీ తెలుసు.

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నుంచి తెలంగాణ 2020లో బయటికి వచ్చింది. తిరిగి చేరతామని 2024లో ప్రకటించింది. ఏ బీమా వచ్చినా, అది ఏ లెక్క మీద నిలబడుతుందో ముందు తేలాలి.

మన డిమాండ్లు

ఈ విషయాల్లో రాష్ట్ర ప్రభుత్వం ముందు మనం పెడుతున్న డిమాండ్లు ఇవి.

ఒకటి. ప్రతి మండలానికి గత 30 ఏళ్ల రోజువారీ వర్షపాతం తెలుగులో పంచాయతీ కార్యాలయంలో అందుబాటులో ఉంచాలి. ప్రజల సొమ్ముతో కొలిచిన వాన ప్రజలది.

రెండు. సగటు ప్రకటించిన ప్రతి చోటా నడిమి సంఖ్యను, నాలుగేళ్లలో మూడేళ్లు వచ్చే వానను కూడా వారాల వారీగా ప్రకటించాలి. కృష్ణా నదికి పెట్టిన 75 శాతం కొలత మెట్ట చేనుకూ పెట్టాలి.

మూడు. కరువు మండలాల నిర్ణయంలో సీజన్ మొత్తాన్ని సాకుగా చూపకూడదు. కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ వరుసగా మూడు, నాలుగు వారాల బెట్టను కూడా సూచికగా గుర్తించింది. దాన్ని కాగితం మీద వదిలేయకుండా పంట దశతో కలిపి అమలు చేయాలి.

నాలుగు. ప్రతి గ్రామ పంచాయతీలో వర్షమాపకం పెట్టాలి. రోజువారీ కొలతను నోటీసు బోర్డు మీద రాయాలి.

ఐదు. ఏ బీమా పథకం తెచ్చినా, గత 30 ఏళ్ల వానకు ఆ పథకం వర్తించి ఉంటే ఏ ఏడాది ఎంత పరిహారం వచ్చేదో లెక్క కట్టి, ప్రీమియం కోసే ముందే గ్రామసభలో చదివి వినిపించాలి.

ఆరు. పరిహారం సాగు చేసిన వాళ్లకు అందాలి. కౌలు రైతు చేను ఎండితే పట్టాదారు ఖాతాలో డబ్బు పడటం ఏ గణాంకానికీ అందని అన్యాయం.

సంఘం చేయాల్సిన పని

డిమాండ్లు పెట్టి కూర్చుంటే సరిపోదు. గ్రామ కమిటీలు ఈ వానాకాలం నుంచే ఊరికొక వాన పుస్తకం పెట్టాలని కోరుతున్నాం. పెద్ద ఖర్చు లేదు. నిటారు గోడలున్న, అడుగు చదునుగా ఉన్న డబ్బాను చెట్లకు, గోడలకు దూరంగా ఆరుబయట పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో నీటి ఎత్తు కొలిచి, రాసి, పారబోయండి. వాతావరణ శాఖ కొలిచేదీ ఆ వేళకే. వాన లేని రోజు సున్నా రాయండి. ఆ సున్నాలే బెట్టకు సాక్ష్యం. పక్కనే ఆ రోజు చేను ఏ దశలో ఉందో రాయండి: విత్తు, మొలక, పూత, కాత. ఇంటర్ చదివే మన పిల్లలు ఈ పని హాయిగా చేయగలరు.

పాత రికార్డు దొరికిన చోట ఇరవై ఏళ్ల జూలై వానను పెద్ద నుంచి చిన్నకు వరుసగా రాసుకోండి. పదిహేనో సంఖ్య దగ్గర గీత గీయండి. ఇరవై ఏళ్లలో పదిహేనేళ్లు కనీసం అంత వాన వచ్చింది. పంటను, పెట్టుబడిని ఆ గీతను చూసి నిర్ణయించుకోండి. మీ ఊరి పుస్తకానికీ మండల కేంద్రం లెక్కకూ ఎక్కడ తేడా వచ్చిందో జిల్లా కమిటీకి పంపండి. కలెక్టర్‌కు ఇచ్చే వినతిపత్రానికి ఆ పేజీలు జత చేద్దాం.

వాన ఎప్పుడు పడాలో మన చేతిలో లేదు. పడిన వానను, పడని వానను ఎవరు కొలవాలి, ఎలా కొలవాలి అన్నది మాత్రం మనుషులు చేసే నిర్ణయం. ఆ నిర్ణయం జరిగే చోట ఇన్నాళ్లూ మెట్ట రైతుకు పీట లేదు. వాన పుస్తకం చేతిలో పట్టుకుని ఆ పీట అడుగుదాం.